కుడి పైట

పోయిన వారం మిమ్మల్ని థియేటరు చీకట్లో కూర్చోబెట్టి నా పాటికి నేను పోయినాను. దానికి ఫోన్లు చేసి తిట్టినవాళ్ళు చాలామందే ఉండారు. తిట్టండి, పరవాలేదు. ఆ చీకట్లో నేను పడిన అవస్థ ఈ వారం మీరూ పడండి.

ఈ వారమే కొత్తగా చదవడానికి కూర్చున్నవాళ్ళకి నాలుగు మాటలు చెప్పాల. నా పేరు ఆనంది. మదురై పక్క తిరుమంగళం దాటి పోతే నల్లరేగడిలో మా ఊరు. ఇంట్లో తెలుగు మాట్లాడతాము, బడిలో తమిళం చదివినాము. మా మాట మేము మాట్లాడినట్టే ఉండే పుస్తకం ఒకటే ఒకటి, కుప్పుసామి తాత రాసిన 'సజ్జచేను' నవల. మా అవ్వ లక్ష్మియమ్మాళ్‌కి ఆయన సొంత అన్న. తాత పోయి చాలా కాలమైంది. ఆ పుస్తకాన్ని ఇప్పుడు వసంతకుమార్ అని కోయంబత్తూరు తెలుగు అబ్బాయి పడం తీసినాడు. సినిమాని మేము పడం అంటాము. మా ఊర్లోనే తీసినాడు, మా జనాన్నే నటించమన్నాడు. కథ చెప్పే గొంతు మాత్రం నాది. ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్లో ఏలం, అదే వేలంపాట, పాడి పాడి పెరిగిన గొంతు అది, మైకు లేకుండా చివరి బస్తా దాకా వినబడుతుంది. శుక్రవారం ఆ పడం ప్రపంచంలో అందరి ఫోన్లలోకీ టీవీల్లోకీ రావాల్సి ఉండింది. ముందు ఊరోళ్ళు చూడాలని దానికి రెండు దినాల ముందు మదురైలో మాట్టుతావణి బస్టాండు పక్కన చిన్న థియేటర్లో పొద్దున ఆట వేసినారు, మధ్యాహ్నం పత్రికలవాళ్ళకి ఇంకో ఆట. మేము వ్యాను కట్టించుకుని వచ్చినాము. లైట్లు ఆరినాయి. అక్కడ ఆపినాను.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే ముందుకు పోలేను. మా అవ్వ తరం ఆడోళ్ళు పైట కుడి భుజం మీద వేస్తారు. ఎందుకని అడిగితే అవ్వ, "ఎందుకంటే ఏమి చెప్పేది, అది మన పైట" అంటుంది. మా అమ్మ తరంలో సగం మంది ఎడమకి మార్చుకున్నారు, మా తరంలో అందరమూ మార్చుకున్నాము. ఈ పడం కోసం అవ్వ మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరికీ చీర తిప్పి కట్టి నేర్పింది. అది మాకు ఎంత నచ్చిందంటే, షూటింగు అయిపోయినా కొంతమంది మార్చుకోలేదు. ఆ దినం వ్యానులో వచ్చిన ఆడోళ్ళం అందరమూ కుడి పైటతోనే వచ్చినాము. బస్టాండు పక్కన దిగినప్పుడు ఆటోవాళ్ళు చూసినారు. చూడనీ అనుకున్నాము.

సరే, పడం మొదలైంది.

వసంతకుమార్ సంగతి మీకు తెలుసు. నవల్లో ఏముంటే అది తియ్యాల, ఒక్క మాట తగ్గకూడదు, ఒక్క మాట పెరగకూడదు. పుస్తకంలో కాకి అరిచిందని ఉంటే నిజంగా కాకి అరిచేదాకా కెమెరా ఆపనివ్వలేదు. మబ్బు కమ్మిందని ఉంటే మబ్బు కోసం అన్నం మానుకుని కాచుకున్నాడు. ఆ మబ్బు ఎంత బాగా వచ్చిందో తెర మీద చూసి నాకే ఒళ్ళు పులకరించింది. తీరా చూస్తే ఆ మబ్బు కింద ఎర్రగా తెల్లగా సెల్‌ఫోన్ టవరు. తాతల కాలంలో, వెళ్ళకారు, అదే తెల్లదొరల పాలనలో, మా ఊర్లో టవరు.

"సిగ్నలు ఎంత ఉండాదో కనుక్కోండమ్మా" అనినారు వెనక వరసలో ఎవరో. నవ్వినాము.

తరవాత ఎద్దులు వచ్చినాయి. కొమ్ములకి పసుపు, మెడలో గంటలు, చెవికి గవర్నమెంటోళ్ళు కొట్టిన పచ్చ ప్లాస్టిక్ బిళ్ళ. కరువు వచ్చింది. నేల నెర్రెలు విచ్చింది, పిల్లకాయలు ఆకలికి ఏడుస్తా ఉండారు, వాళ్ళ కాళ్ళ పక్కనే డ్రిప్ పైపు చుక్క చుక్కగా నీళ్ళు కారుస్తా ఉండాది. అవ్వ నా చెవిలో, "కరువులో కూడా మన చేనుకి నీళ్ళు పెట్టినాడు, పుణ్యాత్ముడు" అనింది. అదంతా మా పడం కదా, మా ఇంట్లో పిల్లోడు తప్పు తాళం వేసి పాట పాడితే ఎట్ల నవ్వుకుంటామో అట్ల నవ్వుకున్నాము. కోపం ఎవరికీ లేదు.

నేను కూడా ఒక సీనులో ఉండాను. చేట పట్టుకుని సజ్జలు చెరుగుతా ఉంటాను. నన్ను నేను చూసుకుని, అబ్బ, ఎంత బాగున్నానే అనుకున్నాను. దినమూ అద్దంలో చూసుకునే ముఖం, అచ్చం అదే. ఫోటోల్లో నా ముఖం నాకే నచ్చదు, ఏదో ఒక పక్కకి లాగినట్టు ఉంటుంది. తెర మీద మాత్రం చక్కగా ఉండాది. అయితే నా పక్కన ఉండే ఆడోళ్ళందరి ముఖాలూ ఏదో మాదిరి ఉండాయి. మనుషులు వాళ్ళే, కానీ వాళ్ళు కాదు. మా పెద్దమ్మ కూతురు అభిరామి ముఖం చూస్తే ఎవరో అభిరామి చెల్లెల్ని చూసినట్టు ఉండాది. నేనొక్కదాన్నే బాగుండి మిగిలినోళ్ళంతా వికారంగా ఉండడం ఏమిటని అనుమానం రాలేదు నాకు. సంతోషం వచ్చింది. సిగ్గులేకుండా చెబుతా ఉండాను.

పెండ్లి బంతి సీను వచ్చేదాకా ఆ సంతోషం నిలిచింది.

నవల్లో ఆ చోటు మా అందరికీ నోటికి వచ్చు. ఊరంతా ఒకే బంతిలో కూర్చుని తింటుంది, విడిపోయిన అన్నదమ్ములు ఎదురెదురు ఆకుల ముందు కూర్చుంటారు. తెర వెనకనుంచి నా గొంతు చదువుతా ఉండాది: "పెద్దోడు కుడిచెయ్యి ఆకులో పెట్టినాడు. చిన్నోడు చూసినాడు. వాడూ కుడిచెయ్యి పెట్టినాడు." తెర మీద పెద్దోడు ఎడమచెయ్యి పెట్టినాడు. చిన్నోడూ ఎడమచెయ్యి పెట్టినాడు. కెమెరా మెల్లగా వెనక్కి పోయింది. బంతి మొత్తం, ముసలీ ముతకా, ఆడా మగా, మా ఊరు ఊరంతా ఎడమచేత్తో అన్నం కలిపి తింటా ఉండాది.

తరవాత వెనకనుంచి, మదురై కాలేజీ పిల్లకాయలని కూడా పిలిచి ఉండారు, ఆ వరసనుంచి కిసుక్కున ఒక నవ్వు. ఒకటి రెండైంది. నవల్లో పెద్దాయన చచ్చిపోయే చోటు వచ్చేసరికి ఇంక వాళ్ళని ఆపలేకపోయినారు. నా గొంతు ఎంతో బాధగా, "ఎడమ రొమ్ములో ముల్లు దిగినట్టైంది, చెయ్యి అక్కడ పెట్టుకున్నాడు" అని చెబుతా ఉంటే, తెర మీద పెద్దాయన కుడి రొమ్ము గట్టిగా పట్టుకుని మంచం మీద ఒరిగినాడు.

"గుండె ఆ పక్కన లేదు తాతా, ఈ పక్కకి రా" అని ఒక పిల్లోడు అరిచినాడు. హాలు హాలంతా పగలబడి నవ్వింది. ఆ సావు చదివి ఏడవని ఇల్లు మా ఊర్లో లేదు. ఆ సావుకి నవ్వినారు.

అవ్వ నా మణికట్టు పట్టుకుంది. ఆ బంతిలో ఆమె కూడా కూర్చుని ఉండాది, ఆకు చివర, పాత నీలం చీరతో.

"ఆనందీ, నా కొంగు ఏమైంది?"

అప్పుడు చూసినాను. తెర మీద అవ్వ కొంగు ఎడమ భుజం మీద ఉండాది. అభిరామిది ఎడమ మీద, నాది ఎడమ మీద. ఒక్క ఆడమనిషికి కూడా కుడి పైట లేదు. హాల్లో మా వరసలన్నీ కుడి పైటలు, ఎదురుగా తెర మీద అవే మనుషులు ఎడమ పైటలు. పడం మొత్తం అద్దంలో చూపించినట్టు తిప్పేసినారు. నా ముఖం నాకెందుకు అంత నచ్చిందో అప్పుడు తెలిసింది.

ఇంటర్వెల్ వేసినారు. నేను కాఫీ కోసం పోలేదు.

క్యాంటీన్ పక్కన నడవాలో ముగ్గురు నిలబడి ఉండారు. వసంతకుమార్ ఒకడు, పల్చటి గడ్డం, గోళ్ళు కొరుక్కుంటా ఉండాడు. డబ్బు పెట్టిన ప్రొడ్యూసర్ రామచంద్రన్ ఒకడు, చెన్నై మనిషి, తెల్ల చొక్కా. మూడోది ఎడిటింగ్ చేసిన జెబమలర్, కోయంబత్తూరు పిల్ల, వాళ్ళింట్లోనూ తెలుగే. ఆ పిల్ల గోడకి ఆనుకుని నేల చూస్తా ఉండాది. నా వెనక అవ్వ కర్ర టకటకమని వస్తా ఉండాది. ఆమె వెనక మిగిలిన ఆడోళ్ళు.

"వసంతూ, ఎవరు తిప్పినారు?" అని అడిగినాను.

రామచంద్రన్ ముందుకి వచ్చినాడు. ఆయన తమిళంలో మాట్లాడతాడు, నేను మన మాటలో చెబుతాను. "అమ్మా, టెన్షన్ వద్దు. పడం కొన్న కంపెనీవాళ్ళు చెక్ చేసినారు. ఆడోళ్ళ పైటలన్నీ రివర్సులో ఉండాయి, మీ పడం తిరగేసి ఉండాది, సరిచేసి పంపండి అన్నారు. సరిచేసి పంపినాము. అంతే."

"అది తప్పు కాదు సార్. అది మా పైట."

"నాకు తెలీదు కదా."

"తెలిసిన మనిషిని అడగాల కదా. ఆయనకి తెలుసు" అని వసంతకుమార్‌ని చూపించినాను.

రామచంద్రన్ నవ్వినాడు. "ఆయన్ని అడిగే చేసినానమ్మా."

జెబమలర్ తలెత్తింది. ఆమెకీ ఈ సంగతి తెలీదని ఆ ముఖంలోనే కనబడింది. "నేను ఎడిట్ చేసి ఇచ్చినప్పుడు సరిగ్గానే ఉండాది అక్కా, చెన్నైలో ఎవరో చివర్లో తెలీక తిప్పినారని అనుకుంటా ఉండాను" అనింది.

వసంతకుమార్ మళ్ళీ గోరు నోట్లో పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ అబ్బాయి మా ఇంట్లో సంగటి తిన్నాడు. అవ్వ మాకు చీర తిప్పి కడతా ఉంటే పక్కనే నిలబడి చూసినాడు. "కాకి కోసం కాచుకున్నావే, మబ్బు కోసం కాచుకున్నావే, మా కొంగు కోసం ఒక్క మాట చెప్పలేకపోయినావా?" అన్నాను.

"అక్కా, నవల్లో ఎక్కడా లేదు" అన్నాడు మెల్లగా. "నేను మళ్ళీ మొత్తం చదివినాను. పైట ఏ పక్కన అని తాత ఎక్కడా రాయలేదు."

"ఎందుకు రాస్తాడు? మనుషులకి ముక్కు ముఖం మీద ఉండాదని రాసినాడా? ఆయన కళ్ళు తెరిచిన కాడనుంచి అమ్మకీ అక్కకీ చెల్లికీ కొంగు ఆ పక్కనే ఉండాది. అదీ ఒక వింతేనా రాయడానికి? పుస్తకంలో ఉండేదంతా పెట్టినావు సామీ. పుస్తకంలో రాయాల్సిన పని లేనిది తీసి పారేసినావు."

వాడు నడవా చివరికి చూసినాడు. అక్కడ కుర్చీలో వాళ్ళమ్మ అంజలమ్మ కూర్చుని ఉండాది. కొడుకు పడం చూడ్డానికి కోయంబత్తూరునుంచి పొద్దున్నే బస్సులో వచ్చింది. మంచి పట్టుచీర, ఎడమ భుజం మీద పిన్ను పెట్టిన పైట.

"మా అమ్మ పెండ్లై మిల్లు క్వార్టర్సుకి వచ్చినప్పుడు కుడి పైటే వేసుకుని వచ్చింది" అన్నాడు వసంతకుమార్. "కొళాయి కాడ అందరూ నవ్వినారంట. చీర కట్టుకోవడం కూడా రాదా నీకు అన్నారంట. వారం తిరక్కముందే మార్చుకుంది. ఈ కథ నాకు చిన్నప్పుడు ఒకే ఒక్కసారి చెప్పింది, మళ్ళీ చెప్పలేదు. కంపెనీవాళ్ళు అది తప్పు అని రాసినప్పుడు నాకు ఆ కొళాయే గుర్తొచ్చింది అక్కా. ప్రపంచమంతా చూస్తుంది. ప్రపంచమంతా నవ్వుతుంది. వద్దు అనుకున్నాను. తిప్పేస్తే పైట సరిపోతుంది, మిగతాది ఎవరు చూస్తారులే అనుకున్నాను."

పాపం అనిపించింది నాకు. అనిపించిన మాట నిజం. కానీ లోపల ఆ పిల్లకాయల నవ్వు ఇంకా చెవుల్లో ఉండాది.

అవ్వ కర్ర నేలకి ఆనించి వాడి ఎదురుగా నిలబడింది. "నాయనా, నవ్వకూడదని చేసినావు. నవ్వినారా, నవ్వలేదా?"

"నవ్వినారు అవ్వా."

"దేనికి నవ్వినారు? మా అన్న రాసిన సావుకి నవ్వినారు. ఆ పెద్దాయన ఎవరనుకున్నావు, మా నాయన. నేను ఈ పైటతో మదురైకి ఎన్ని తూర్లు వచ్చినానో నాకే తెలీదు. ఆస్పత్రికి వచ్చినాను, కోర్టుకి వచ్చినాను, మీనాచ్చి గుడికి వచ్చినాను. నవ్వినారు. నవ్వినోళ్ళు బస్సెక్కి ఎవరి ఊరికి వాళ్ళు పోయినారు. నా కొంగు ఈడనే ఉండాది. నవ్వితే నవ్వనీ, నన్ను చూసి నవ్వనీ. నేను కాని దాన్ని తెర మీద పెట్టి, దాన్ని చూసి నవ్వించినావు చూడు, అది నాకు ఒప్పదు."

"ఎల్లుండి రిలీజు, దాని ముందు మళ్ళీ తిప్పెయ్యండి" అన్నాను రామచంద్రన్‌తో. "ఈ మధ్యాహ్నం పత్రికలవాళ్ళకి కూడా సరైనదే వెయ్యండి."

"కుదరదమ్మా. కంపెనీవాళ్ళు ఇప్పుడు సరే అన్నారు. మళ్ళీ తిప్పితే మళ్ళీ తప్పు అంటారు, రిలీజు ఆగిపోతుంది. అయినా దీనికి ఇంత రగడ దేనికి? సమస్య పైట కాదు, మీ గొంతు." ఆయన నా వైపు తిరిగి ఎంతో ప్రేమగా చెప్పినాడు. "తెర మీద ఎడమచెయ్యి కనబడుతుంది, మీరు కుడి అంటా ఉండారు. అందుకే నవ్వొస్తుంది. నాలుగు చోట్ల మాట మార్చి చెబితే చాలు. కుడి అన్న చోట ఎడమ, ఎడమ అన్న చోట కుడి. డబ్బింగ్ థియేటర్ పక్క వీధిలోనే మాట్లాడి పెట్టినాను. ఒక కాఫీ తాగేలోపల అయిపోతుంది."

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు.

"మా తాత రాసిన మాట మార్చాలనా? కుడిచేత్తో తిన్నోళ్ళని ఎడమచేత్తో తిన్నారని నా నోటితో నేను చెప్పాలనా?"

"చూసేవాళ్ళకి కంటికీ చెవికీ సరిపోవాల కదమ్మా."

"సార్, ఏలంలో నేను కుళ్ళిన వంకాయని కుళ్ళిందనే చెప్పి అమ్మినాను. కొంటే కొన్నారు, లేకపోతే లేదు. ఈ నోరు అట్లాంటి నోరు. ఆ మాట నేను చెప్పను. ఇప్పుడు చెప్పను, కాఫీ తాగినాక కూడా చెప్పను."

"యోచన చేసి చెప్పండి" అన్నాడు రామచంద్రన్. కోపం రాలేదు ఆయనకి. నేను చెప్పనన్నా ఆయనకి పోయేదేమీ లేనట్టు ఫోను చూసుకుంటా పోయినాడు. అది నాకు వింతగానే ఉండింది. గంట కొట్టినారు.

పోదాం వ్యానెక్కి అన్నారు కొందరు. అవ్వ ఒప్పుకోలేదు. "మన పేరుతో ఏమి చేసినారో చివరిదాకా చూసి పోదాం" అని అందరికంటే ముందు లోపలికి పోయి తన సీట్లో కూర్చుంది. అంజలమ్మ కూడా వచ్చి మా వరసలోనే, నా పక్కన ఖాళీగా ఉండే సీట్లో కూర్చుంది. నడవాలో మేము మాట్లాడిందంతా ఆమె వినింది. నేను పలకరించలేదు, ఆమె పలకరించలేదు. వెనకనుంచి ఇంకొంతమంది కెమెరాలు భుజాన వేసుకుని వచ్చి నిలబడినారు. మధ్యాహ్నం ఆటకి రావాల్సిన పత్రికలవాళ్ళు ముందే వచ్చేసినారు.

రెండో సగం మొదలైంది. విత్తనం వేసే సీను. నవల మొత్తంలో నాకు ప్రాణమైన చోటు అది. మొగుడు పోయినాక పెద్దామె మొదటి తూరి తానే చేలోకి దిగి విత్తనం చల్లుతుంది. ఆ చోటు రికార్డు చేసేటప్పుడు నేను ఏడ్చినాను, ఆపి ముక్కు చీది మళ్ళీ చెప్పినాను. తెర మీద ఆమె ఒడిలోనుంచి గింజలు తీసింది. తప్పు చేత్తోనే తీసింది. నేను కళ్ళు మూసుకున్నాను, నా మాటైనా సరిగ్గా విందామని.

నా గొంతు చెప్పింది: "ఆమె ఎడమచేతి నిండా గింజలు తీసుకుంది."

కళ్ళు తెరిచినాను. అవ్వ నా వైపు చూసింది. అభిరామి నా వైపు చూసింది.

"నేను చెప్పలేదు" అన్నాను.

"ఎడమచేత్తో మట్టికి ఇచ్చింది" అనింది నా గొంతు మళ్ళీ. నా గొంతే. నా దగ్గు లేదు, నా ఏడుపు లేదు, కానీ గొంతు నాదే. ఆ 'మట్టి' దగ్గర నేను లాగే లాగుడు కూడా అట్లే ఉండాది. అప్పుడు అర్థమైంది రామచంద్రన్‌కి కోపం ఎందుకు రాలేదో. నేను రోజుల తరబడి చదివింది వాళ్ళ దగ్గర ఉండాది, దాన్ని కంప్యూటరుకి ఇచ్చి నా మాదిరే మాట్లాడించినారు. నడవాలో కాఫీ, డబ్బింగ్ థియేటర్ అని నన్ను బతిమాలేటప్పటికే నా నోట్లో వాళ్ళ మాట పెట్టేసి ఉండారు. మొదటి సగానికి ఇంకా చేయలేదేమో, అంతే.

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. లేచి నిలబడినాను.

"ఆమె ఎడమచేత్తో నుదురు తుడుచుకుంది" అనింది తెర.

"కుడి" అన్నాను.

ఏలం గొంతుతో అన్నాను. స్పీకర్ల కంటే గట్టిగా వినబడింది. వెనక పిల్లకాయలు నవ్వబోయి ఆగినారు.

"ఎడమచెయ్యి చాచి కొడుకుని పిలిచింది."

"కుడి." ఈసారి అభిరామి కూడా లేచింది. ఆమె పక్కనోళ్ళు లేచినారు. అవ్వ కర్ర పట్టుకుని లేచింది. తెర ఎడమ అన్నప్పుడల్లా మా ఊరు కుడి అనింది. కుడి పైటలతో వరసలు వరసలుగా నిలబడి, ఇంట్లో పిల్లకాయలకి అన్నం తినేటప్పుడు చెప్పే మాదిరిగా, నిదానంగా, విసుగు లేకుండా చెప్పినాము. పత్రికలవాళ్ళ కెమెరాలు తెరని వదిలి మా వైపు తిరిగినాయి. కాలేజీ పిల్లకాయల్లో ఒకమ్మాయి మాతోపాటు కుడి అనింది. తరవాత వాళ్ళందరూ అన్నారు.

బొమ్మ ఆగిపోయింది. లైట్లు వెలిగినాయి.

"ఎవరు ఆపమన్నారు?" అని రామచంద్రన్ తలుపు దగ్గరనుంచి కేకేసినాడు.

వెనక గోడలో ప్రొజెక్టర్ రూము కిటికీ ఉండాది. అందులోనుంచి జెబమలర్ తల బయటికి వచ్చింది. "నేనే ఆపినాను సార్" అనింది. తరవాత ఆయన్ని వదిలేసి వసంతకుమార్‌ని చూసి తెలుగులో అడిగింది. "అన్నా, నేను ఎడిట్ చేసిన కాపీ నా లాప్‌టాప్‌లో ఉండాది. తిప్పనిది. అక్క సొంత గొంతుతో. మీరు ఊ అంటే వేస్తాను. డైరెక్టరు చెప్పకుండా నేను వెయ్యకూడదు."

"వేసినావంటే ఇదే నీ చివరి పడం" అన్నాడు రామచంద్రన్. "వసంత్, నీకూ అంతే. రిలీజు ఆగితే నీకు ఇంకొక పడం ఎవరు ఇస్తారో చూస్తాను." ఆయన ప్రొజెక్టర్ రూము మెట్ల వైపు నడవడం మొదలుపెట్టినాడు.

హాలంతా వసంతకుమార్‌ని చూస్తా ఉండాది. వాడు తెర ముందర నిలబడి ఉండాడు. ఆ కొళాయి కాడ నవ్వు ఇంకా వాడి చెవుల్లోనే ఉండాదని నాకు తెలుసు. అది వాడి కళ్ళలో కనబడుతా ఉండాది.

నా పక్కన అంజలమ్మ లేచింది.

ఆమె భుజం మీద పిన్ను తీసి నా చేతిలో పెట్టింది. ఏమి చేయబోతా ఉండాదో మా ఆడోళ్ళకి అర్థమైంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరూ ఆమె చుట్టూ అడ్డంగా నిలబడినారు. ఆమె ఎడమ భుజం మీద కొంగు దించింది. నడుము వెనకనుంచి తిప్పి, ఎడమ చంక కిందుగా ముందుకి తెచ్చి, రొమ్ము మీదుగా కుడి భుజం మీద వేసుకుంది. పట్టుచీర ఎడమ పైటకని కట్టింది కదా, కొంగు పొట్టిగా వచ్చింది, మోచేతి దాకా కూడా రాలేదు. ఆమె చేతులు మాత్రం ఎక్కడా తడుముకోలేదు. నేను పిన్ను ఇవ్వబోతే వద్దని తల ఊపింది.

ఆడోళ్ళు పక్కకి జరిగినారు. అంజలమ్మ నడిచి తెర ముందరికి పోయింది, కొడుకు ఎదురుగా నిలబడింది. మెట్ల మీద రామచంద్రన్ అడుగుల చప్పుడు పైకి పోతా ఉండాది.

"ఇప్పుడు చూడు నాయనా" అనింది. "నన్ను కూడా తిప్పేస్తావా?"